టెన్నేటి పార్కు కింద రాళ్లకు పట్టిన నీలి గొట్టాలు: పురుగేనా? ఏ జాతి?

అలఅంచు (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. మొన్న పౌర్ణమి మర్నాడు మా అమ్మాయితో టెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి వెళ్లాను. నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. పెద్ద బండల మీద, సుమారు నా మోకాలి ఎత్తులో, జానెడు వెడల్పున ఒక పట్టీలా తెల్లగా, నీలం ఛాయతో ఏదో గట్టిగా పేరుకుపోయి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ సన్నటి గొట్టాలు, ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉన్నాయి. చెయ్యి ఆనించానో లేదో గీసుకుపోయింది.

పక్కనే చిన్న గుంటలో నీళ్లు నిలిచాయి. అందులో ఉన్న గొట్టాల్లోంచి ముదురు నీలం కుచ్చులు బయటికి వచ్చి ఊగుతున్నాయి. మా అమ్మాయి నీడ పడగానే అన్నీ టక్కున లోపలికి పోయాయి. మా అత్తగారు ఫొటో చూసి "అది సముద్రపు సున్నం, దాన్ని చూడ్డానికి అంత దూరం వెళ్లారా?" అన్నారు.

అమ్మాయి ఆరో తరగతి. బడిలో "మన తీరం" అని చార్టు చెయ్యాలి. పేరు, కుటుంబం, ఎక్కడ దొరికిందో రాసి లేబుల్ అంటించాలి. మూడు ఫొటోలు జత చేశాను. ఇదేమిటో చెప్పగలరా?

నిమ్మకాయసోడా
పగడం! పగడం అయితే మాత్రం ముట్టుకోకండి మేడమ్. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే.

గవ్వలసంచి (భీమిలి)
పగడం కాదు. పగడం నీడకి అలా టక్కున లోపలికి పోదు, అందులో గొట్టానికి మూత కూడా ఉండదు. రెండో ఫొటోలో మూత లాంటిది కనిపిస్తోంది, చూడండి.

నా అనుమానం వెర్మెటిడ్ నత్త మీద ఉంది. అదీ నత్తే గానీ గుల్ల చుట్ట తిరగకుండా పాములా సాగి రాయికి అతుక్కుపోతుంది. గవ్వలు ఏరేవాళ్లం చాలామంది మొదట్లో దాన్ని పురుగు గొట్టం అనుకునేవాళ్లం, పురుగు గొట్టాన్ని నత్త అనుకునేవాళ్లం. తేడా కనుక్కోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. ఊడిపడిన ముక్క ఒకటి తీసుకుని లోపలి గోడ చూడండి. నత్త గుల్ల అయితే పింగాణీలా మెరుస్తుంది. పురుగు గొట్టమైతే సున్నం కొట్టిన గోడలా మసకగా ఉంటుంది.

అలఅంచు
ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ మళ్లీ వెళ్లాను. ఇసుకలో పడి ఉన్న ముక్కలు నాలుగు తెచ్చాను. లోపల మెరుపు లేదు, మసక తెలుపే. బయట మాత్రం లేత నీలం. ఇంకో విషయం, గొట్టం గుండ్రంగా లేదు. అడుగు బల్లపరుపుగా ఉండి, పైన నడిమధ్యన గట్టులా ఒక గీత నిలువునా వెళ్తోంది. నోటి దగ్గర ఆ గట్టు చిన్న మొనలా ముందుకి పొడుచుకొచ్చింది. ఇంటి చూరులా ఉంది.

శూకం
నీడ పడితే లోపలికి పోయిందన్నారు, కుచ్చు ఉందన్నారు, సున్నపు గొట్టం, లోపల మసక, మూత. ఇంకేం కావాలి? ఇది అనెలిడా వర్గం, పాలీకీటా తరగతి, సెర్పులిడే కుటుంబం. వానపాముకి, జలగకి దూరపు చుట్టం. ఇంటర్లో నీరిస్ గురించి చదివిన వాళ్లు గుర్తు తెచ్చుకోండి. అది ఇసుకలో తిరిగే పాలీకీటు, ఇది ఇల్లు కట్టుకుని కదలకుండా కూర్చున్న పాలీకీటు.

ముప్పయ్యేళ్లు జువాలజీ పాఠం చెప్పినవాణ్ణి, కాస్త విసిగిస్తాను, ఓపిక పట్టండి. ఆ నీలం కుచ్చు పురుగు నోటి చుట్టూ ఉండే ఈకల గుత్తి. దాంతోనే ఊపిరి పీల్చుకుంటుంది, నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టి తింటుంది. ఆ ఈకల్లో ఒకటి ఈకగా ఉండడం మానేసి, కొస లావెక్కి మూతగా మారింది. పురుగు లోపలికి ముడుచుకోగానే బిరడాలా ఆ మూత వచ్చి గొట్టం నోట్లో బిగుసుకుంటుంది. ఆటు సమయంలో ఎండలో గంటల తరబడి ఆరిపోకుండా బతికేది దాని పుణ్యమే.

గొట్టం సంగతి. మెడ దగ్గర కాలర్ అని చర్మపు మడత ఉంటుంది. దాని కిందున్న గ్రంథుల నుంచి సున్నం ఊరుతుంది. మేస్త్రీ తాపీతో సర్దినట్టు కాలర్ ఆ సున్నాన్ని గొట్టం అంచుకి వరసలు వరసలుగా అద్దుతుంది. మీరు చూసిన చూరు లాంటి మొన కూడా ఆ కాలర్ పనే.

కుటుంబం ఖాయం. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), జాతి చెప్పాలంటే మాత్రం గొట్టం చాలదు. సెర్పులిడ్లలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. మూత చూడాలి. మూత కింద కాడ చూడాలి. కాలర్ దగ్గర శూకాలు, అంటే వెంట్రుకల్లాంటి సన్నటి ముళ్లు, ఉన్నాయా లేవా చూడాలి. ఫొటో చూసి జాతి పేరు చెప్పేవాళ్లని నమ్మకండి, నాతో సహా.

రేవుకాడ
మాస్టారూ, మేం పడవ గీకేటప్పుడు వచ్చేది ఇదేగా? అడుగు భాగానికి తెల్లటి గొట్టాలు పాకి ఉంటాయి. నెల రోజులు రేవులో కట్టేస్తే చాలు, కొత్త రంగు మీద కూడా పట్టేస్తాయి. డీజిల్ ఖర్చు ఎక్కువవుతుంది. చెయ్యి తెగిందంటే ఒక పట్టాన మానదు.

శూకం
కుటుంబం ఒకటే, మనిషి వేరు. మీ పడవ కిందది సన్నగా, తెల్లగా, గుండ్రంగా ఉంటుంది, నీలం ఉండదు. అది హైడ్రాయిడిస్. దాని మూత చూస్తే మళ్లీ మరిచిపోరు. సున్నపు బిళ్ల ఉండదు. కైటిన్‌తో చేసిన రెండంతస్తుల కిరీటం ఉంటుంది: కింద పళ్ల అంచుతో గరాటు, దాని మధ్యలోంచి లేచిన ముళ్ల గుత్తి. కంసాలి భూతద్దం చాలు, కనిపిస్తుంది.

నెల రోజుల్లో పడుతుందని మీరన్నది అక్షరాలా నిజం. దాని లార్వా కొన్ని రోజులు నీళ్లలో తేలి, బ్యాక్టీరియా జిగురు పొర పట్టిన చోటు చూసుకుని దిగుతుంది. దిగాక మూడు నాలుగు వారాల్లో అదే గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది.

అలఅంచు
ఒక తప్పు చేశాను, ముందే చెప్పేస్తున్నా. రాయి ముక్కతో పాటు బతికున్న గొట్టాలు నాలుగు తెచ్చి, ఉప్పంతా పోవాలని కుళాయి నీళ్లతో కడిగి గిన్నెలో వేశాను. ఒక్కటీ బయటికి రాలేదు. మర్నాటికి వాసన. మా అమ్మాయి నాతో ఒక పూటంతా మాట్లాడలేదు.

ఇక చచ్చాయి కదా అని ఒకదాన్ని పిన్నుతో తీసి భూతద్దంలో చూశాను. మూత మీద గుండ్రటి తెల్లటి బిళ్ల ఉంది, కొంచెం వాలుగా. ముళ్లు, కొమ్ములు ఏమీ లేవు. దాన్ని మోసే కాడ సన్నగా కాకుండా వెడల్పుగా ఉంది. రెండు పక్కలా చిన్న రెక్కల్లా ఏవో ఉన్నాయి. కాలర్ ముదురు నీలం. శూకాలు నాకు కనపడలేదు, అవి ఎలా ఉంటాయో కూడా తెలియదు.

గవ్వలసంచి
కుళాయి నీళ్లు! అయ్యో. ఉప్పునీటి జీవి కదండీ, మంచినీళ్లు ఒంట్లోకి చేరి ఉబ్బి చనిపోతుంది. అందరం ఒకసారి చేసేవాళ్లమే లెండి. నా మొదటి సముద్రపు నక్షత్రం గతీ అదే.

పాతపుస్తకం
బిళ్ల మూత, రెక్కల కాడ, నీలం కాలర్, నీలం గొట్టం, ఆటుపోట్ల మధ్య రాళ్ల మీద పట్టీలా గుంపు. ఇక సందేహం ఎందుకు? *పొమాటోలియోస్ క్రౌసియై*. ఫావెల్ 1953లో రాసిన భారతదేశపు పాలీకీటుల గ్రంథం మన దేశంలో అందరికీ ప్రమాణం. దక్షిణాఫ్రికా పాలీకీటుల మీద డే 1967లో రాసిన పెద్ద గ్రంథం రెండోది. ఈ లక్షణాలున్న పురుగుకి మనవాళ్లు రాసుకునే పేరు అదే. లేబుల్ రాసేయండి.

శూకం
సరిగ్గా చెప్పారు. మేమూ పిల్లలకి ఆ పేరే చెప్పేవాళ్లం. పెద్ద పురుగులో కాలర్ శూకాలు ఉండవు, అలఅంచు గారికి కనపడకపోవడానికి కారణం అదే. భూతద్దం తప్పు కాదమ్మా. ఆ లక్షణాన్ని పట్టుకునే హెలెన్ పిక్సెల్ 1913లో పొమాటోలియోస్ అనే ప్రజాతిని విడిగా పెట్టింది.

ఉప్పుటేరు
నమస్తే మాస్టారూ, అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను సెర్పులిడ్ల మీదే పరిశోధన చేస్తున్నాను. ఆ పేరులో రెండు ముక్కలున్నాయి, రెండూ ఇప్పుడు నిలబడవు.

మొదటి ముక్క ప్రజాతి. కాలర్ శూకాలు లేకపోవడం పెద్దవాటి సంగతి. పిల్ల పురుగుల్లో అవి ఉంటాయి, పెద్దయ్యాక రాలిపోతాయి. మిగతా లక్షణాలన్నీ స్పైరోబ్రాంకస్‌వే. పగడాల మీద రంగురంగుల క్రిస్మస్ చెట్లలా ఉండే పురుగుల ఫొటోలు చూసే ఉంటారు, వాటి ప్రజాతి అది. అందుకే 2009లో టి.జి. పిళ్లై పొమాటోలియోస్‌ని అందులో కలిపేశారు. అప్పటినుంచి అది *స్పైరోబ్రాంకస్ క్రౌసియై*.

రెండో ముక్క జాతి. అసలు గొడవ ఇక్కడుంది. బెయిర్డ్ 1860లలో ఈ పేరు పెట్టింది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నమూనాకి. అప్పుడు దాన్ని విడి జాతిగా కూడా పెట్టలేదు, న్యూజిలాండ్ పురుగులోనే ఒక రకం (వెరైటీ) అని రాశాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు ఎర్ర సముద్రం, భారతదేశం, జపాన్, ఆస్ట్రేలియా, హవాయి, ఎక్కడ నీలి గొట్టాల పట్టీ కనపడితే అక్కడ అదే పేరు రాసుకుంటూ పోయారు. 2019లో కేరల్ సైమన్, హ్యారీ టెన్ హోవ్, ఎలెనా కుప్రియనోవా తదితరులు దక్షిణాఫ్రికా పురుగుల డీఎన్ఏ తీసి మిగతా చోట్ల వాటితో పోల్చారు. కలవలేదు. అసలు క్రౌసియై దక్షిణాఫ్రికా దాటి వచ్చినట్టు ఆధారమే లేదు. మిగతావన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్న వేరు వేరు జాతులు.

పాతపుస్తకం
అంటే ఫావెల్ తప్పు, డే తప్పు, మనమందరం తప్పు. ఒక్క మెషీన్ రైటు. కంటికి తేడా కనపడనప్పుడు అది వేరే జాతి అనడంలో అర్థం ఏమిటి? రేపు ఇంకో జన్యువు తీసి మళ్లీ కలుపుతారు.

ఉప్పుటేరు
ఫావెల్ తప్పు అనలేదండీ. ఆయన చూసిన లక్షణాలన్నీ సరిగ్గానే రాశారు. ఆయన దగ్గర భూతద్దం ఉంది, డీఎన్ఏ చదివే సీక్వెన్సర్ లేదు, అంతే. పైగా తేడాలు ఏమీ లేవనడం కూడా నిజం కాదు. వేరని తెలిశాక మళ్లీ మైక్రోస్కోప్ కింద పెడితే కొన్ని కనపడుతున్నాయి. జపాన్‌లో దీన్ని "యాక్కో కన్‌జాషి" అంటారు, కన్‌జాషి అంటే జడకి పెట్టుకునే పిన్ను. అక్కడి వాళ్లు దశాబ్దాలుగా క్రౌసియై అనే రాసుకున్నారు. 2022లో అది *స్పైరోబ్రాంకస్ అకిత్సుషిమా* అనే కొత్త జాతి అని ప్రకటించారు. అంతకు ముందు 2020లో పర్షియన్ గల్ఫ్ నుంచి కూడా ఇదే గుంపులో ఇంకో కొత్త జాతి వచ్చింది.

టేబుల్‌కొండ (కేప్ టౌన్)
మాది నర్సీపట్నం, ఉద్యోగం కేప్ టౌన్‌లో. పేరు చూసి ఆగాను. ఫాల్స్ బే ఒడ్డున రాళ్ల మీద ఈ నీలం పట్టీ మాకు రోజూ కనపడేదే. ఇక్కడి తీరం గైడు పుస్తకాల్లో దీన్ని "బ్లూ కోరల్ వర్మ్" అని రాస్తారు. నిమ్మకాయసోడా గారు పగడం అన్నందుకు నవ్వుకోకండి, ఇక్కడి పేరులోనే పగడం ఉంది.

ఉప్పుటేరు గారూ, చిన్న సందేహం. అయితే మా దగ్గరున్నదే అసలుదా?

ఉప్పుటేరు
అవునండీ. మీ ఒడ్డున ఉన్నదే పేరుకి హక్కుదారు. మొదటి నమూనా ఎక్కడిదో పేరు అక్కడిదే. సరదా ఏమిటంటే, క్రౌసియై నౌకల అడుగున పట్టుకుని, సూయజ్ కాలువ దాటి మధ్యధరాలో కూడా దూరిన వలసదారు అని కొన్ని జాబితాల్లో ఎక్కించారు. పాపం అది ఇల్లు కదిలిందే లేదు. చేసింది దాని పోలికలున్న ఇంకెవరో.

శూకం
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. పిల్ల పురుగుల్లో శూకాలుంటాయన్న మాట నాకు తెలియదు. తెలిసుంటే ప్రజాతి విషయంలో అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. అది ఒప్పుకుంటున్నాను. జాతి విషయంలో పాతపుస్తకం గారిది మరీ మొండితనం అనను. పరీక్షలో పిల్లాడికి పేరు రాయమంటే ఏదో ఒక పేరు ఉండాలి కదా?

కానీ ఇలాంటిదే ఒకటి మన రేవులోనే జరిగింది, అది చెప్తాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి గారు, లక్ష్మణరావు గారు, నాగభూషణం గారు కలిసి 1958లో విశాఖ హార్బర్‌లో నౌకలకీ గోడలకీ పట్టే జీవుల మీద రాశారు. ఆ రోజుల్లో అలాంటి రచనల్లో ఎక్కడ చూసినా హైడ్రాయిడిస్ నార్వీజికా అనే పేరే కనపడేది. మేం కూడా రికార్డు పుస్తకాల్లో ఆ పేరే రాసి బొమ్మ వేశాం, పది మార్కులు వేయించుకున్నాం. నార్వీజికా అంటే నార్వేది. 1768లో గన్నెరస్ పేరు పెట్టిన చలినీళ్ల పురుగు. విశాఖ రేవు వేడినీళ్లలో దానికేం పని అని మాలో ఒక్కడూ అడగలేదు. తర్వాత తేలిందేమిటంటే వేడి దేశాల రేవుల్లో ఉన్నది *హైడ్రాయిడిస్ ఎలిగాన్స్*. 1883లో హాస్వెల్ సిడ్నీ నుంచి వర్ణించిన జాతి. ఈ రెంటికీ డీఎన్ఏ అక్కర్లేకుండానే తేడా తెలుస్తుంది. కాలర్ శూకం మొదట్లో ఉండే రెండు పెద్ద పళ్లు చూసి ఊరుకోకూడదు, ఎలిగాన్స్‌లో అదనంగా సన్నటి పళ్ల గరుకు ఉంటుంది. మంచి మైక్రోస్కోప్ కావాలి, ఓపిక కావాలి.

రేవుకాడ
పేరు ఏదైనా గీకడం తప్పదు కదా మాస్టారూ.

శూకం
తప్పదు. కానీ ఏ రంగు వేస్తే ఏది పట్టదో పరీక్ష చేసేవాడికి పేరు కావాలి. నార్వీజికా మీద చేసిన పరీక్ష అని పుస్తకంలో చదివి ఎలిగాన్స్‌కి మందు కొనుక్కుంటే డబ్బు మీదే పోతుంది.

రేవుకాడ
ఆ మాట ఒప్పుకుంటా. మా రేవులో ఇంకో గుల్ల ఉంది, ఆల్చిప్పలా చిన్నది, గుత్తులు గుత్తులుగా. అదీ బయట నుంచి వచ్చిందే అంటారు.

గవ్వలసంచి
*మైటిలాప్సిస్ సల్లై*. అమెరికా వైపు నుంచి నౌకలతో వచ్చింది. మన దేశంలో మొదట బయటపడింది విశాఖలోనే, 1967లో. అది నిజంగా వలస వచ్చిందే, దానికి సాక్ష్యముంది. దాని మీద వేరే చర్చ పెట్టుకుందాం, నా దగ్గర బోలెడు ఫొటోలున్నాయి.

కోరంగి (కాకినాడ)
గొట్టం పురుగుల చర్చ కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. మా దగ్గర బురద తీరంలో నీళ్లు తగ్గితే వేలెడంత గొట్టాలు నిలబడి కనపడతాయి. సున్నం కాదు, తోలులా మెత్తగా ఉంటుంది. బయటంతా గవ్వ ముక్కలు, పుల్లలు, ఆకులు అంటించుకుని ఉంటుంది. లాగితే పైముక్క తెగి చేతికొస్తుంది, పురుగు మాత్రం దొరకదు. ఇదీ ఇదే కుటుంబమా?

ఉప్పుటేరు
కాదండీ, అది డయోపాట్రా. ఒనూఫిడే కుటుంబం. గొట్టం ఒకటే పోలిక, లోపల మనిషి పూర్తిగా వేరు. దానికి దవడలుంటాయి, మూత ఉండదు, మొప్పలు స్ప్రింగులా మెలి తిరిగి ఉంటాయి. లాగితే దొరకదు, అదురు తగలగానే లోతుకి జారిపోతుంది. పక్కనుంచి పారతో ఒక్క దెబ్బకి బురద గడ్డ ఎత్తాలి. చిలికా సరస్సు నుంచి సదరన్ 1921లో *డయోపాట్రా వేరియాబిలిస్* అని వర్ణించాడు. మీది అదే అని మాత్రం అనను. కొత్త చర్చ తెరవండి, మొప్పల ఫొటో పెట్టండి.

అలఅంచు
అన్నీ చదివాను. నేనూ అమ్మాయీ కలిసి చదివాం. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. లేబుల్ మీద ఏం రాయాలి? సోమవారం ఇవ్వాలి. క్రౌసియై అని రాయకూడదు. అకిత్సుషిమా జపాన్‌ది. మరి మనదానికి పేరే లేదా?

పాతపుస్తకం
చూశారా? అందుకే అన్నాను.

ఉప్పుటేరు
ఉంది. *స్పైరోబ్రాంకస్ సి.ఎఫ్. క్రౌసియై* అని రాయండి. సి.ఎఫ్. అంటే లాటిన్‌లో "పోల్చి చూడు" అని. అంటే ప్రజాతి వరకు నాకు నమ్మకం ఉంది, జాతి దీన్ని పోలి ఉంది, అదే అని సంతకం పెట్టను అని అర్థం. మేం పేపర్లలో రాసేదీ అదే. తప్పించుకోవడం కాదు, తర్వాత వచ్చేవాడు ఇక్కడ ఇంకా పని మిగిలి ఉందని తెలుసుకోవడానికి పెట్టిన గుర్తు.

లేబుల్ మీద పేరు కన్నా ముఖ్యమైనవి మూడున్నాయి: ఏ రాయి, ఏ తేదీ, నీళ్ల మట్టం నుంచి ఎంత ఎత్తు. పేరు పదేళ్లలో మారొచ్చు, ఇవి మారవు.

శూకం
ఇది బాగుంది. మా రోజుల్లో పోలిక ఉంటే చాలు పేరు రాసేసేవాళ్లం. సి.ఎఫ్. రాస్తే పరీక్షకుడు "ఏం, తెలియదా?" అనేవాడు.

నిమ్మకాయసోడా
తెలుగులో ఏమనాలి మరి? "సముద్రపు సున్నం" అత్తగారి పేరు నాకు నచ్చింది.

గవ్వలసంచి
నీలిగొట్టపు పురుగు?

టేబుల్‌కొండ
బిరడా పురుగు. మాస్టారు మూతని బిరడాతో పోల్చారు కదా.

రేవుకాడ
మా వాళ్లు అన్నింటినీ గుల్ల అనే అంటారు. పురుగు లోపల ఉందని చెప్తే నమ్మరు.

శూకం
నీలిగొట్టం అంటే హైడ్రాయిడిస్‌ని వదిలేసినట్టు, బిరడా అంటే రెండూ వస్తాయి. నా ఓటు బిరడా పురుగుకే, కుటుంబం మొత్తానికి. పాపని అడగండి.

అలఅంచు
పాప "చూరు పురుగు" అంటోంది. గొట్టానికి చూరు ఉంది కాబట్టి. నేనేం చెప్పలేను.

ఉప్పుటేరు
అలఅంచు గారూ, ఒక కోరిక. ఈ గుంపులో కొత్త జాతులు బయటపడ్డ చోటల్లా ఎవరో ఒకరు బతికున్నవి సరిగ్గా దాచి పంపితేనే బయటపడ్డాయి. మీకు వీలైతే వచ్చే ఆటుకి ఒక ఆరేడు పురుగులు కావాలి. ఎలాగంటే, రాయి పగలగొట్టకండి. ఊడిపోయేలా ఉన్న చిన్న ముక్క ఒకటి చాలు. సముద్రపు నీళ్లలోనే తీసుకురండి, దయచేసి కుళాయి వద్దు. ఫ్రిజ్‌లో కాసేపు పెడితే మెల్లగా మత్తులోకి పోయి బయటికి సాగుతాయి. మెడికల్ షాపులో మెంథాల్ స్ఫటికాలు దొరికితే నీళ్ల మీద నాలుగు పలుకులు వేసినా అంతే. ముడుచుకుని చస్తే మూత, కాలర్ ఏదీ కనపడదు. సాగాక రంగుల ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టండి, ఎందుకంటే సీసాలోకి వెళ్లాక నీలం పోతుంది.

తర్వాత సగం ఆల్కహాల్‌లో, తొంభై ఐదు శాతం కన్నా తక్కువ వద్దు. అవి డీఎన్ఏకి. సగం ఫార్మలిన్‌లో, అవి ఆకారం చూడ్డానికి. తారుమారు చేయకండి, ఫార్మలిన్‌లో వేసిన దాంట్లోంచి డీఎన్ఏ తీయడం నరకం. ఫార్మలిన్ పని మాత్రం మీరు, పాప చేయొద్దు. మాస్టారు విశాఖలోనే ఉన్నారు కదా.

శూకం
ఉన్నాను. ఫార్మలిన్ నేను చూసుకుంటాను. అటక మీద పాత డిసెక్షన్ మైక్రోస్కోప్ ఉంది, దించుతాను. పాపని తీసుకురండి అమ్మా. మూత కాడ రెక్కలు దాంట్లో చూస్తే భూతద్దంలో చూసింది చూసినట్టే కాదు.

పాతపుస్తకం
నేనూ వస్తాను. ఫావెల్ పుస్తకం తెస్తాను. పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం సరిచూద్దాం. ఏది సరిపోదో నా కళ్లతో చూడాలి.

అలఅంచు
చార్టు ఇచ్చేశాం. లేబుల్ ఇలా రాసింది: "చూరు పురుగు. స్పైరోబ్రాంకస్ సి.ఎఫ్. క్రౌసియై. సెర్పులిడే కుటుంబం. టెన్నేటి పార్కు కింద, మెట్ల నుంచి మూడో పెద్ద బండ, అమ్మ మోకాలి ఎత్తు." అమ్మ మోకాలు కొలత కాదని చెప్పాను, వినలేదు. టేపుతో కొలిచి కింద సెంటీమీటర్లు కూడా రాయించాను.

టీచర్ గారు సి.ఎఫ్.ని స్పెల్లింగ్ తప్పు అనుకుని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. అమ్మాయి నిలబడి వివరించిందట. టీచర్ విని, కొట్టేసిన దాని మీద చుట్టూ సున్నా చుట్టి "సరే" అని రాశారు.

శూకం
ఆ చార్టు పారేయకండి.

టేబుల్‌కొండ
ఆదివారం నేనూ ఫాల్స్ బేలో ఫొటోలు తీసి పెడతాను, మూత దగ్గర నుంచి, స్కేలుతో. అసలుదీ మీదీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అలఅంచు
వచ్చే అమావాస్యకి నీళ్లు ఎన్నింటికి బాగా తగ్గుతాయో ఎవరైనా చూసి చెప్తారా? నాకు టైడ్ టేబుల్ చదవడం రాదు.

రేవుకాడ
నేను చెప్తా. ఆ రోజు నేనూ వస్తా, జారుడు రాళ్లు అవి. పాపకి చెప్పులు కాదు, బూట్లు వేయండి.